వైద్య, జీవశాస్త్ర పరిభాషలో గ్రీకు శబ్దావయవాలు : ప్రాచ్యభాషాధ్యాపకుని బాధ్యత

సికింద్రాబాదుకు ఈశాన్యాన ఉన్న నేరేడ్‌మెట్ పేరులోనే ఒక చెట్టు ఉన్నది. 'మెట్' అన్నది మెట్ట శబ్దానికి కుదించిన రూపమనుకోవడం సహజం. అబ్దుల్లాపూర్‌మెట్ వంటి పేర్లు ఈ ప్రాంతంలో మరికొన్ని ఉన్నవి. నేరేడు సంస్కృతంలో జంబువు. సంకల్పంలో మనం నిత్యం స్మరించే జంబూద్వీపానికి పేరిచ్చినది ఈ చెట్టే. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని 'సిజీజియం క్యుమిని' అంటారు. మొదటి పదంలో గ్రీకు 'సున్' అనే ఉపసర్గ, 'జుగోన్' అనే నామం ఉన్నవి. 'సున్' అంటే కూడ; 'జుగోన్' అంటే కాడి. ఈ 'జుగోన్' మన 'యుగ' శబ్దానికి తోబుట్టువు. కనుక సిజీజియం అంటే ఒక కాడికి కట్టినది, జతకూడినది. ఎక్కడో జమైకా ద్వీపంలోని ఒక మొక్కకు ఆకులు, కొమ్మలు జంటలుగా ఉండడం చూచి 18వ శతాబ్దంలో పెట్టిన పేరు, తరువాతి కాలంలో మన నేరేడుకు సంక్రమించింది. రెండవ పదం జీలకర్రను చెప్పే గ్రీకు 'కుమినోన్' నుండి వచ్చినది. నేరేడులో జీలకర్ర వెదకబోతే నిరాశ తప్పదు. పూర్వం వాడుకలో ఉండిన 'యుజీనియా జంబోలానా' అనే పేరులో జంబు శబ్దమైనా కనబడేది.

ఇటువంటి వ్యుత్పత్తులు చెప్పి సభలో మెప్పు పొందడం తేలిక. మన కళాశాలల పత్రికలలో అటువంటి వ్యాసాలకు లోటు లేదు. ప్రస్తుత వ్యాసోద్దేశం అది కాదు. వైద్య, జీవశాస్త్రాలలోని గ్రీకు పదాలను తెలుగులో ఏమి చేయాలి అనే చర్చ ఒక శతాబ్దానికి పైగా సాగుతున్నది. ఆ చర్చలో సంస్కృతాంధ్ర వ్యాకరణాలు చదివినవారు చేయవలసిన పని ఒకటి మిగిలిపోయినదని నా అభిప్రాయం. దానిని విజ్ఞుల ముందుంచడమే ఇక్కడి ప్రయత్నం.

నేరేడ్‌మెట్‌కు సుమారు పది కిలోమీటర్ల దూరంలో బేగంపేట ఉన్నది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తం త్రాగిన దోమ జీర్ణకోశపు గోడలో ఆ వ్యాధి పరాన్నజీవిని గుర్తించినది అక్కడనే. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆ దోమ శాస్త్రీయనామం రాస్‌కు అప్పటికి తెలియదు. రెక్కలమీద మచ్చలున్న దోమ అని మాత్రమే చెప్పుకొన్నాడు. 1818లోనే దాని ప్రజాతికి 'అనాఫిలిస్' అని పేరు పెట్టి ఉన్నారు. 'అన్' అనగా లేనిది, 'ఒఫెలోస్' అనగా ప్రయోజనం, వెరసి నిష్ప్రయోజనం. మలేరియా శబ్దమో, ఇటలీ భాషలో చెడుగాలి. ఆ జ్వరం చెడుగాలి వలన రాదని నిరూపించిన తరువాత కూడ దానికి చెడుగాలి అనే పేరే నిలిచింది. ఇక దోమలు చేరిన వర్గం 'డిప్టెరా'. 'ది' రెండు, 'ప్తెరోన్' రెక్క. ఎగురుట అనే అర్థంగల పత్ ధాతువు నుండి వచ్చిన మన 'పత్ర' శబ్దానికి ఈ 'ప్తెరోన్' జ్ఞాతి. రెండు రెక్కలున్నది కనుక ఆ పేరు అన్వర్థం. ఒకే దోమను చెప్పే మూడు మాటలు ఇవి. మొదటిది దోమ స్వభావం గురించి ఏమీ చెప్పదు, రెండవది అబద్ధం చెబుతుంది, మూడవది నిజం చెబుతుంది. మూడింటినీ ఒకే సూత్రంతో తెలుగు చేయబూనడం వలన మన పరిభాషకు ఎంతో అనర్థం జరిగింది.

ఈ విషయం నేను పుస్తకం వలన కాక ఒక విద్యార్థిని వలన ఆలోచించవలసి వచ్చింది. మా వీధిలోని ఒక అమ్మాయి పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి నర్సింగులో చేరింది. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ఒకనాటి సాయంకాలం నోటుపుస్తకం పట్టుకొని వచ్చి, "సార్, ఈ రెండు మాటలు నాకు ఒక్కతీరుగనే వినబడుతున్నయి, పరీక్షల తారుమారు చేసిన" అని చూపించింది. ఒకటి హైపోగ్లైసీమియా, రెండవది హైపర్‌గ్లైసీమియా. రక్తంలో చక్కెర పడిపోవడం ఒకటి, పెరిగిపోవడం మరొకటి. పరీక్షలో తారుమారైతే పోయేది రెండు మార్కులు. వార్డులో తారుమారైతే, చక్కెర ఇవ్వవలసిన రోగికి ఇన్సులిన్ పడితే, పోయేది ప్రాణం. ఆ పిల్ల నోటుపుస్తకంలో అటువంటి మాటలు కొన్ని వందలున్నవి. ప్రతి మాటను ఒక్కొక్క విడి రాయివలె కంఠస్థం చేస్తున్నది. అమరకోశం వల్లించిన మనకు కంఠస్థం మీద చిన్నచూపు ఉండరాదు. కాని అమరంలో వర్గక్రమం ఉన్నది, లింగానుశాసనం ఉన్నది. ఈ రాళ్ళగుట్టలో ఏ క్రమమూ ఆమెకు ఎవ్వరూ చూపలేదు.

"ఉపాధ్యక్షుడు అంటే ఎవరమ్మా?" అని అడిగినాను. "అధ్యక్షుని కింద ఉండెటాయన" అన్నది. ఆ 'ఉప'యే గ్రీకులో 'హుపో'. మీది వైపును చెప్పే 'ఉపరి'యే 'హుపెర్'. 'గ్లుకుస్' తియ్యన, 'హైమ' నెత్తురు. ఇంతే చెప్పినాను. ఐదు నిమిషాలు పట్టలేదు. మళ్ళీ ఆ రెండు మాటలను ఆమె తారుమారు చేయలేదు. అంతేకాదు, హైపోథైరాయిడిజం, హైపర్‌టెన్షన్, హైపోడెర్మిక్ అనే మాటలను తానే విడదీసుకొన్నది. పదచ్ఛేదం మనకు నిత్యకృత్యం. అది మరొకరి బ్రతుకుతెరువుకు పనికివస్తుందని మనం ఎన్నడూ తలపోయలేదు.

గ్రీకు వైద్యపదంలో మూడు భాగాలను గుర్తించవచ్చు. ముందు ఉపసర్గ, నడుమ ప్రాతిపదిక, చివర ప్రత్యయస్థానంలో నిలిచే అంశం. పెరికార్డైటిస్ అన్నప్పుడు 'పెరి' ఉపసర్గ, 'కర్దియా' ప్రాతిపదిక, 'ఇటిస్' ప్రత్యయం. ఉపసర్గలు సంస్కృతం చదివినవానికి పాతచుట్టాలే. మన ప్రాదులు ఇరువది రెండింటిలో ఏడెనిమిదింటికి గ్రీకులో జ్ఞాతులున్నవి. ప్ర–'ప్రో', అప–'అపో', అపి–'ఎపి', ఉప–'హుపో', పరి–'పెరి', అభి–'అంఫి', దుస్–'దుస్', సు–'ఎఉ'. చివరి జంట చూడగానే నమ్మబుద్ధి కాదు గాని ధ్వనిపరిణామ సూత్రాల చేత సిద్ధించినదే. ఇక నఞ్ సంగతి మరింత ముచ్చటైనది. హల్లు పరమైతే అకారం, అచ్చు పరమైతే అన్ అని పాణిని ఆరవ అధ్యాయంలో చేసిన ఏర్పాటు గ్రీకులోనూ అట్లే నడుస్తుంది. పాథోస్ లేనిది 'అపాథీ', హైమ లేనిది 'అనీమియా'. హైమలో మొదట హకారం వినబడుతున్నదే, అన్ ఎట్లా వచ్చిందని ఆక్షేపించవచ్చు. గ్రీకు లిపిలో అది హల్లు కాదు, ఊపిరికి పెట్టిన ఒక గుర్తు మాత్రమే. కనుక అది అజాదిగానే లెక్క.

ప్రాతిపదికలలోనూ బాంధవ్యం తక్కువ కాదు. 'ఓస్తెయోన్' అస్థి. 'హేపార్' యకృత్తు. 'ఒదోన్త్' దంతం. 'గోను' జానువు. 'పోద్' పాదం. 'కర్దియా' హృదయం, మొదటి అక్షరాల మధ్య చిక్కు ఉన్నా బాంధవ్యాన్ని ఎవరూ కాదనలేదు. 'మూస్' అంటే ఎలుక, కండ కూడ. చర్మం క్రింద కదిలే కండ వారికి ఎలుకవలె తోచింది. మయోపతి, మయోకార్డియం అనే మాటలలో ఉన్నది ఈ మూషికమే. పాంక్రియాస్ శబ్దంలోని 'క్రెయాస్' మాంసవాచకం. క్రవ్యాదుడు అనే రాక్షసనామం తెలిసిన మనకు 'క్రవ్య' జ్ఞాపకం రాకమానదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ పోలికలు చూచి గ్రీకుభాష సంస్కృతం నుండి పుట్టినదని తేల్చేవారు మనలో ఉన్నారు. అది శాస్త్రం కాదు. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చెప్పినదీ, తరువాతి పండితులు స్థాపించినదీ ఒక్కటే: ఇవి ఒక తల్లి బిడ్డలు, తల్లి ఇప్పుడు లేదు. అంతేకాక ఈ బాంధవ్యం సంస్కృతానిదే గాని తెలుగుది కాదు. 1816లోనే ఎల్లిస్ తెలుగు ద్రావిడ కుటుంబంలోనిదని చూపి ఉన్నాడు. గుండె, ఎముక, కీలు, పేగు గ్రీకుకు ఏమీ కావు. తత్సమాల వంతెనమీదుగానే మన విద్యార్థి ఆ ఒడ్డుకు పోగలడు. పైగా చుట్టరికం జ్ఞాపకానికి ఊతమే గాని అర్థానికి ప్రమాణం కాదు. 'నెఉరోన్' మొదట కండరాన్ని ఎముకకు కట్టే పేనిన నార. సంస్కృత 'స్నావ', 'స్నాయు' శబ్దాలకు జ్ఞాతి. తరువాత గ్రీకువైద్యంలో అది జ్ఞాననాడికి పేరైంది. బెంగాలీవారు స్నాయు శబ్దాన్నే ఆ అర్థంలో వాడుతున్నారు. మన తెలుగులో స్నాయువు పాత అర్థంలోనే ఉండిపోయింది. చుట్టరికం ఒక్కటే, కాపురాలు మాత్రం వేరు.

ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. పరిభాష విషయంలో రెండు పక్షాలున్నవి. గ్రీకుపదాన్ని ముక్కముక్కగా విడదీసి ప్రతి ముక్కకూ సంస్కృతం చెప్పాలన్నది మొదటిది. ఆచార్య రఘువీర ఈ మార్గంలో మహాప్రయత్నం చేసి ఉపసర్గకు ఉపసర్గ, ప్రత్యయానికి ప్రత్యయం నియమించినాడు. ఇంగ్లీషులో ఉన్నదానిని తెలుగులిపిలో వ్రాసి ఊరుకోవాలన్నది రెండవది. 1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్రీయ పరిభాషా సంఘం మూలకాల పేర్లను, ద్వినామ పద్ధతిలోని ప్రాణుల పేర్లను, వ్యక్తుల పేరున ఏర్పడిన పదాలను మార్చరాదని, తక్కినవి భారతీయ భాషలలో చేసుకోవచ్చునని మధ్యేమార్గం చూపింది. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలలోనూ ఈ రెండు ధోరణులు పక్కపక్కనే కనబడుతవి. తెలుగులో శాస్త్రగ్రంథాల కోసం 1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికామండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారి కాలం నుండి ఇది తెగని వ్యాజ్యమే.

తెగకపోవడానికి కారణం, ఉభయపక్షాలవారూ పదాలన్నింటినీ ఒకే రాశిగా చూడడం. శబ్దాలు యౌగికాలు, రూఢాలు, యోగరూఢాలు అని మన తార్కికులు విభజించినది ఇటువంటి సందర్భానికే. పాచక శబ్దం యౌగికం, గోశబ్దం రూఢం, పంకజం యోగరూఢం. విద్యార్థిదశలో ముక్తావళి చదివినవారందరూ ఎరిగినదే. ఈ గీటురాయి మీద గ్రీకుపదాలను గీచి చూస్తే సగం చిక్కులు విడిపోతవి.

అనాఫిలిస్, సిజీజియం వ్యవహారంలో రూఢాలు. వాటి అవయవార్థం ఎవరికీ ప్రసక్తం కాదు. అనాఫిలిస్ దోమను 'నిష్ప్రయోజని' అని అనువదిస్తే నవ్వులపాలు కావడమే ఫలం. వాటిని అట్లే ఉంచాలి. కాని కథ చెప్పాలి. కథ తెలిస్తే పేరు జ్ఞాపకముంటుంది.

యౌగికాలు వేరు. ఉదరంలోని జీర్ణాశయానికి చేసే మూడు శస్త్రచికిత్సలున్నవి. గాస్ట్రాటమీ అంటే కోయడం, గాస్ట్రెక్టమీ అంటే కోసి తీసివేయడం, గాస్ట్రాస్టమీ అంటే అక్కడ ఒక ద్వారం ఏర్పరచడం. 'తొమే' ఛేదం, దానికి ముందు 'ఎక్' చేరితే వెలికి అనే అర్థం వచ్చి ఉచ్ఛేదం, 'స్తోమ' నోరు. తెలుగు లిపిలో చదివితే ఈ మూడింటికీ మధ్య ఒక అక్షరం తేడా. చెవికి అది కూడ దొరకదు. అవయవజ్ఞానం లేనివానికి ఇవి ఎన్నటికీ స్పష్టం కావు. అది ఉన్నవానికి ఎన్నటికీ సందేహం రాదు. ఇక్కడ మనం తెలుగులో పదం చేసినా, గ్రీకు పదాన్నే ఉంచినా, అవయవాలు నేర్పక తప్పదు.

యోగరూఢాలు అన్నింటికన్న ప్రమాదకరమైనవి. 'ఇటిస్' ప్రత్యయాన్ని చూడండి. ఈనాడు దాని అర్థం శోథ, వాపు. కాని గ్రీకులో అది సంబంధార్థకమైన స్త్రీలింగ ప్రత్యయం మాత్రమే. మన తద్ధితం వంటిది. 'అర్థ్రోన్' అంటే కీలు. 'అర్థ్రైటిస్' అంటే కీలుకు సంబంధించినది. 'నొసోస్', అనగా వ్యాధి, అనే స్త్రీలింగ శబ్దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహృతమైన వ్యాధి క్రమంగా ప్రత్యయంలోనే ఇమిడిపోయి, తరువాత వాపు అనే ప్రత్యేకార్థం స్థిరపడింది. 'డయాబెటిస్' అంటే దాటి పోయేది, గొట్టం గుండా వలె నీరు ప్రవహించిపోయేది. దానిని ముక్కలు చేసి అనువదించనక్కర లేకుండానే మనకు మధుమేహం ఉన్నది. దీనిలోని మిహ్ ధాతువు కూడ స్రవించడమే. లాటిన్‌వారు తరువాత చేర్చిన 'మెల్లిటస్' అనే విశేషణం తేనెను చెబుతుంది. రెండు దేశాల వైద్యులు ఒకే లక్షణాన్ని చూచి ఒకే విధంగా పేరు పెట్టినారు. నేరేడుగింజల పొడిని మన పల్లెవైద్యులు ఇచ్చేది ఈ మేహానికే.

ధమని శబ్దం ఇంతకన్న విశేషమైనది. ఊదుట అనే అర్థంగల ధ్మా ధాతువు నుండి అది ఏర్పడింది. ధ్మానం వలన ధమని, స్రవణం వలన స్రోతస్సు, సరణం వలన సిర అని చరకసంహిత సూత్రస్థానంలోనే నిర్వచనం ఉన్నది. గ్రీకులో 'అర్తేరియా' మొదట ఊపిరిగొట్టానికీ, నెత్తురుగొట్టానికీ కూడ పేరు. ప్రాణి చనిపోయిన తరువాత ఈ గొట్టాలు ఖాళీగా కనబడడం చేత వాటిలో గాలి ఉంటుందని ప్రాచీన గ్రీకువైద్యులలో పలువురు భ్రమించినారు. ఇప్పుడు 'ఆర్టరీ'కి ధమని అంటున్నాము. ఇది ఎవరూ ముక్కలు చేసి అనువదించినది కాదు. అయినా రెండు పదాలలోనూ ఒకే గాలి వీస్తున్నది. ఆ గాలి నేటి విజ్ఞానానికి పనికిరాదని ఏ పదాన్నీ తోసివేయనవసరం లేదు. రూఢి యోగాన్ని అపహరిస్తుందన్న న్యాయం ఉండనే ఉన్నది.

అట్లని వ్యుత్పత్తిని గుడ్డిగా అనువదిస్తే ఏమవుతుందో ఆమ్లజని చూపుతుంది. ఇది రసాయనశాస్త్రపు మాటయైనా మన ప్రాణవాయువే గదా. 'ఒక్సుస్' పులుపు, 'గెన్' పుట్టించుట. ఆమ్లాలన్నింటినీ ఈ వాయువే పుట్టిస్తుందని లవోసియర్ అనుకొని ఆ పేరు పెట్టినాడు. ఆమ్లజని లేని ఆమ్లాలున్నవని 19వ శతాబ్దారంభంలో డేవీ చూపినాడు. గ్రీకు రాని ఇంగ్లీషువానికి ఆక్సిజన్ అనే మాటలో తప్పు కనబడదు, పదం మూగది. మనం దానిని ఆమ్లజని చేసి ఆ తప్పుకు నోరిచ్చినాము. దీనికి భిన్నంగా ఉదజని ఎంత చక్కని పదం! 'హుదోర్'కు ఉదకం, 'గెన్'కు జన్. రెండవయవాలూ గ్రీకు అవయవాలకు తోబుట్టువులు, అర్థమూ సత్యం. అయినా ఈనాటి పాఠ్యపుస్తకాలలో రెండూ పోయి హైడ్రోజన్, ఆక్సిజన్ మిగిలినవి. మంచి అనువాదం చెడ్డదానితో పాటు పోవడం నాకు నేటికీ బాధగానే ఉన్నది.

జీవశాస్త్రంలో మనవారు బాగా చేసినవి కూడ ఉన్నవి. మైటోసిస్, మియోసిస్ అనే రెండు పేర్లు ఏ భాషలో చదివే విద్యార్థినైనా తికమకపెట్టేవే. 'మితోస్' దారం, 'మెయోసిస్' తగ్గుదల. తెలుగులో మొదటిదానికి దారాన్ని వదలి సమవిభజన అన్నారు. రెండవదానికి అర్థాన్ని గ్రహించి క్షయకరణ విభజన అన్నారు. అవసరమైనచోట యోగాన్ని విడిచి, ఉపయోగించినచోట పట్టుకొన్నారు. మిథ్యాపాదం, ఉభయచరం, పత్రహరితం ఇదే కోవలోనివి. కిరణజన్య సంయోగక్రియ మాట పొడవే గాని పదిమంది నాలుకల మీద నిలిచింది. క్రోమోజోమును వర్ణదేహం చేయకుండా అట్లే ఉంచడమూ వివేకమే.

'పరభాషాపదాలు ఎందుకు, సంస్కృతం చాలదా' అనే వారికి ఒక మాట. కణంలోని నడిమి భాగాన్ని కేంద్రకం అంటున్నాము. కేంద్ర శబ్దం జ్యోతిషం ద్వారా వచ్చిన గ్రీకు 'కెన్త్రోన్'. హోర, జామిత్రం అటువంటివే. అర్థశాస్త్రంలోని సురుంగ, మన సొరంగం, గ్రీకు 'సురింక్స్' నుండి వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయం. ఆ గొట్టమే ఇంగ్లీషు ద్వారా మళ్ళీ వచ్చి సిరంజి అయింది. మననుండి వెళ్ళినవీ ఉన్నవి. హిప్పోక్రటీసు పేరన చలామణి అయ్యే వైద్యగ్రంథాలలోని 'పెపెరి' మన పిప్పలి. శృంగవేరం వారికి 'జింగిబెరిస్' అయింది.

హైదరాబాదువారికి ఇది మరింత దగ్గరి సంగతి. చార్మినారు పక్కన నిజామియా యునాని ఆసుపత్రి ఉన్నది. యునాని అన్నా యవన అన్నా ఒకటే. అయోనియా దేశీయులకు అరబ్బులు ఒక విధంగా, మనం ఒక విధంగా పెట్టుకొన్న పేరు. పాతబస్తీలో కఫాన్ని బల్గం అంటారు. అది గ్రీకు 'ఫ్లెగ్మ'. ఇంగ్లీషు వైద్యం ఈ నగరంలో అడుగు పెట్టడానికి ఎంతో ముందే గ్రీకు వైద్యపదాలు అరబ్బీ వేషంలో ఇక్కడ కాపురముంటున్నవి. 1917లో అనువాదశాఖను, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పి వైద్యం సహితం ఉర్దూలో బోధించినప్పుడు పరిభాషా సమస్య తలెత్తింది. అక్కడి ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీం 1921లో పరిభాషానిర్మాణం మీద ఒక గ్రంథమే వెలువరించినాడు. పూర్వప్రత్యయాలు, పరప్రత్యయాలు తెలిసి వాడుకొంటేనే భాషకు కొత్త పదాలు చేసుకొనే శక్తి వస్తుందన్నది ఆయన వాదం. భాష వేరైనా సమస్య ఒకటే. ఆ చర్చను తెలుగు పరిభాషాకర్తలు పెద్దగా పట్టించుకొన్నట్లు కనబడదు.

నా ప్రతిపాదన చిన్నది. వైద్యంలో, జీవశాస్త్రంలో తరచుగా వచ్చే గ్రీకు అవయవాలు నూరు, నూట యాభైకి మించి నేర్చుకోనక్కర లేదు. వాటిని ప్రాచ్యకళాశాలలో ఒక అర్ధసంవత్సర పాఠ్యాంశంగా పెట్టాలి. మన విద్యార్థులకు అది భాషాశాస్త్రానికి ప్రత్యక్షోదాహరణం. దానితోపాటు సమీపంలోని నర్సింగు, ప్రయోగశాల సహాయకుల కోర్సులు చదివే తెలుగు మాధ్యమపు పిల్లలకు సెలవుదినాలలో మనమే పాఠం చెప్పవచ్చు. సంస్కృతం ఎందుకు, దానితో ఏమి ప్రయోజనం అని ప్రతి సంవత్సరం చేరికల సమయంలో అడిగించుకొనే మనకు ఇది ఒక సమాధానం కూడ. అయితే అందుకోసమే చేయాలనడం లేదు.

మనకు గ్రీకు రాదే అని ఆక్షేపణ రావచ్చు. విభక్తులు, లకారాలు అక్కరలేదు. ప్రాతిపదికలు చాలు, నిఘంటువు చూడడం వచ్చినవానికి అది నెల రోజుల పని. అంతకన్న బరువైన ఆక్షేపణ లిపిది. ఈ పదాలు మనకు ఇంగ్లీషు ఉచ్చారణ ద్వారా వస్తున్నవి. న్యుమోనియాలో మొదటి పకారం ఇంగ్లీషు వ్రాతలో ఉన్నది, పలుకులో లేదు. తెలుగు లిపిలో వ్రాతలోనూ లేదు. సైకాలజీ గతి అంతే. హీమోగ్లోబిన్ లోని 'హీమో', హోమియోపతి లోని 'హోమియో' పక్కపక్కన పెడితే నెత్తురేదో సామ్యమేదో విద్యార్థికి తెలియదు. కనుక పట్టికలో గ్రీకురూపం ఒక గడిలో, వాడుకరూపం మరొక గడిలో ఉండాలి. మూడవ గడిలో సంస్కృతపు తోబుట్టువు, నాలుగవదానిలో జనవ్యవహారంలోని తెలుగుమాట. ఈ నాలుగవ గడిని తక్కువ చేయరాదు. ఊపిరితిత్తి, పచ్చకామెర్లు, శుక్లం, నీటికాసులు వంటి మాటలకు సాటివచ్చేవి కమిటీలలో పుట్టవు. రోగితో మాట్లాడవలసిన నర్సుకు గ్రీకుమాట ఎంత అవసరమో ఈ మాట అంత అవసరం.

ఒంటరిగా చేస్తే మనం పొరబడే చోట్లూ ఉన్నవి. క్లోమం ఉదాహరణ. గ్రీకు 'ప్లెఉమోన్', అనగా ఊపిరితిత్తి, దీనికి జ్ఞాతి అని భాషాశాస్త్రజ్ఞులలో కొందరంటారు. ఆయుర్వేద వ్యాఖ్యాతలకు క్లోమం ఏ అవయవమన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. నేటి తెలుగు పాఠ్యపుస్తకాలలో అది పాంక్రియాస్. వ్యుత్పత్తి చెప్పే ఉత్సాహంలో క్లోమం ఊపిరితిత్తి అని మనం బోధిస్తే జరిగే హాని చిన్నది కాదు. అందుచేత పట్టిక తయారుచేసేటప్పుడు ఒక వైద్యుడో, జంతుశాస్త్రాధ్యాపకుడో పక్కన ఉండి తీరాలి.

ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఇప్పుడు నాలుగు గడుల పట్టిక ఒకటి ఉన్నది. వారానికి పది మాటల చొప్పున నింపుతున్నాము. కిందటి ఆదివారం మూత్రపిండం వంతు వచ్చింది. గ్రీకులో 'నెఫ్రోస్', సంస్కృతంలో వృక్కం. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. "మరి మూడో గడిల ఏం రాయాలె సార్?" అని అడిగింది. తోబుట్టువు లేదని చెప్పినాను. అక్కడ ఒక అడ్డగీత గీసి, నాలుగవ గడిలో మూత్రపిండం అని వ్రాసుకొని, తరువాతి మాట అడిగింది.